చప్పుడు లేని రంపం

అశోక్‌నగర్ గల్లీల్లో మేము మిషిన్ స్టార్ట్ చేస్తే ముందు కాకులు లేచేవి, ఆ వెంటనే కిటికీలు తెరుచుకునేవి. కిటికీకో తల. ప్రతి తలా ఏదో ఒక సర్కారు కొలువు కోసం చదువుతున్నదే. "అన్నా, జర బంద్ చెయ్యరాదే, రేపు టెస్టున్నది" అని ఒకడు, "అక్కా, ఇంకెంతసేపు?" అని ఇంకొకతె. అన్నకు వినపడేది కాదు, ఆయన చెట్టు మీద ఉండేవాడు. అక్క కింద తాడు పట్టుకుని నిలబడి ఉండేది కాబట్టి తిట్లన్నీ ఆమెకే దక్కేవి.

ఆ అక్కను నేనే. ఆ అన్న మా ఆయన. చెట్లు కొట్టడం, కొమ్మలు కత్తిరించడం, ఖాళీ జాగాల్లో పెరిగిన పిచ్చిచెట్లు తీసెయ్యడం మా పని. నల్లగొండ వైపు నుంచి వచ్చాం. మా ఆయన వాళ్లింట్లో తాతల నాటి నుంచీ తాటిచెట్లెక్కి కల్లు గీసేవాళ్లే. పట్నంలో తాళ్లెక్కడివి? అందుకని అదే మోకు నడుముకు చుట్టుకుని వేపలూ నేరేళ్లూ ఎక్కడం మొదలుపెట్టాడు. మోకంటే మనిషినీ చెట్టునూ కలిపి చుట్టే తాడు. అది పట్టు ఇచ్చినంతసేపే ఎక్కినవాడి ధీమా. చిక్కడపల్లి బజారు వెనక ఒక్క గది కిరాయికి తీసుకున్నాం. ఆయన పైన, నేను కింద. బేరం మాట్లాడడం, కోసిన కొమ్మను తాడుతో మెల్లగా దించడం, చివరికి ఆ ఇంటివాళ్ల వాకిలి ఊడ్చిపెట్టడం నా వంతు.

నేను పదో తరగతి దాకా చదివాను. పని లేని రోజున లైబ్రరీకి పోయి కూర్చునేదాన్ని. అక్కడ ఫ్యాను తిరిగేది, పేపర్లు ఉండేవి, ఎవరూ పని చెప్పేవాళ్లు కాదు. చుట్టూ పిల్లలు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకుండానే చదువుతూ ఉండేవారు. నేను వాళ్ల మధ్య వారపత్రిక ముందేసుకుని కునికిపాట్లు పడేదాన్ని. "కలెక్టర్ నౌకరి వచ్చినంక మమ్ముల మర్చిపోకు" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

ఆ ఏళ్లు తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది అలసటే. ఒంటి అలసట కాదు, అది పడుకుంటే పోతుంది. కళ్లెదురుగా ఉన్నదాన్ని చూస్తూ చూడనట్టు ఉండడంలో ఒక అలసట ఉంది, అది పడుకున్నా పోదు.

చూడనట్టు ఉన్నది ఆయన చేతుల సంగతి. మా పెట్రోల్ మిషిన్, అదే కోత రంపం, బరువైనది. కొమ్మ మీద కాళ్లు బిగించి కూర్చుని, దాని తాడు గుంజి గుంజి స్టార్ట్ చెయ్యాలి. అయ్యాక అది ఊరుకునేది కాదు. కోస్తున్నప్పుడు అరిచేది, కోత ఆపినా గురగురమంటూనే ఉండేది. ఆ అదురు ఆయన వేళ్లలోకి ఎక్కి, మణికట్టు దాటి, భుజాల దాకా పోయింది. పొద్దున లేవగానే వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉండేవి. చాయ్ గ్లాసు ఒక్క చేత్తో పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగేవాడు. చలిగా ఉందన్నట్టు నటించేవాడు, మే నెలలో కూడా.

నేను అడగలేదు. అడగకూడదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నాకు నేర్పిన మొదటి సంగతి వంట కాదు, ఇది. "చెట్టెక్కెటోన్ని చేతులెట్లున్నయని అడగొద్దు బిడ్డా. అడిగిన్నాడు చెయ్యి జారుతది" అంది. ఆమె తన మొగుణ్ని అడగలేదు, ఆమె అత్త కూడా అడిగి ఉండదు. ఆ ఇంట్లో మగవాళ్లు పొద్దునా సాయంత్రం తాళ్లెక్కి దిగేవాళ్లు, ఆడవాళ్లు మిగతా అన్నీ అడిగేవాళ్లు. ఆకలైందా, నీళ్లు తోడనా, ఎవరు కలిశారు. చేతుల మాట మాత్రం ఎత్తేవాళ్లు కాదు. ఇదంతా ఒట్టి మాట అని నాకు తెలుసు. తెలిసీ నోరు మెదిపేదాన్ని కాదు. మొగుడు నేలకు అంత ఎత్తున వేలాడుతున్నప్పుడు ఎంత చదువుకున్న ఆడదైనా ఒట్టి మాటలను కొట్టిపారెయ్యలేదు.

అడగలేను సరే, మిషినైనా మార్పిద్దామంటే వినే మనిషి కాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. "పెట్రోల్ మిషిన్ లెక్క కోసెటిది ఇంకోటి లేదు" అంటే లేదంతే. ఆ ఏళ్లలోనే, రెండువేల పదమూడులో, ఒక హాస్టల్ యజమాని నా నెత్తిన పాలు పోశాడు. ఆయన మేడ పక్కన పెద్ద వేప ఉండేది. మేము కొమ్మలు కొట్టిన రోజున పిల్లలంతా కట్టగట్టుకుని ఆయన మీద పడ్డారట. "చూడమ్మా, మల్ల ఆ మిషిన్ పట్కొని నా గేట్లకు రావద్దు. పోరగాండ్లు రూములు ఖాళీ చేస్తమంటున్రు. చప్పుడు లేనిది ఏదన్నుంటే తెండ్రి, లేకుంటే ఇంకోల్లను చూస్కుంట" అన్నాడు. నేను మొహం దిగాలుగా పెట్టుకుని ఇంటికి వచ్చాను కానీ లోపల ఎగిరి గంతేశాను. ఆయన చేతుల పేరు ఎత్తకుండా మిషిన్ మార్చడానికి సాకు దొరికింది. పరీక్షల పిల్లలు చల్లగా ఉండాలి.

సుల్తాన్ బజార్ దాటాక ఒక సందులో తోట పనుల మిషిన్లు అమ్మే దుకాణం ఉంది. బ్యాటరీతో నడిచే రంపాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మా ఆయన దుకాణంలోకి పెళ్లిచూపులకు ఇష్టం లేకుండా వచ్చిన పెళ్లికొడుకులా అడుగుపెట్టాడు.

దుకాణం మనిషి మొదట ఒక పెద్దదాన్ని చూపించాడు. దానికి బ్యాటరీ వేరే ఉంది, బడి సంచిలా వీపుకు తగిలించుకోవాలి. చాలాసేపు నడుస్తుందట. "వీపు మీద పెట్టె, నడుముకు మోకు, చేతుల మిషిన్. నేను చెట్టెక్కాల్నా, ఊరికి పోవాల్నా?" అన్నాడు మా ఆయన. రెండోది మరీ చిన్నది, తేలికగా ఉంది. "ఇది సొరకాయలు కొయ్యనికి మంచిగుంటది" అని తీసి పక్కన పెట్టాడు. మూడోది పొడుగాటి కర్ర చివర రంపం బిగించినది. కింద నిలబడే కొమ్మలు కోసుకోవచ్చు.

"ఇది తీస్కోండి అన్నా, ఎక్కుడు దిగుడు పరేషాన్ ఉండదు" అన్నాడు దుకాణం మనిషి, పాపం మంచికే.

మా ఆయన మొహం ఎర్రబడింది. "చెట్టు ముట్టకుండ చెట్టు కొట్టుడు మా ఇంట్ల లేదు" అని బయటికి పోయి నిలబడ్డాడు. అంతటితో నా గుండెలో కాస్త లేచిన ఆశ కూడా కూర్చుంది. ఆ కర్ర రంపాన్ని నేను అప్పటికే కళ్లతో ఇంటికి తీసుకుపోయాను.

మిగిలినవి నేనే చూశాను. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, మీట నొక్కి, కళ్లు మూసుకుని మణికట్టులో ఎంత అదురుతుందో చూసుకున్నాను. పళ్లెంత, చైనెంత, ఎంత లావు కోస్తుంది అని దుకాణం మనిషి చెబుతూ పోతుంటే నేను మళ్లీ మళ్లీ పిడి పట్టుకుని చూస్తున్నాను. "అక్కా, కోసెటిది మీరా, అన్ననా?" అన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేదు. నాకు కోత అక్కర్లేదు, అదురు లేనిది కావాలి. ఆ మాట అతనికి చెప్పుకుంటే బయట నిలబడ్డ మనిషి వింటాడు. చివరికి మధ్యరకం ఒకటి ఎంచాను. పిడికి రబ్బరు తొడుగు, వెనక టక్కున కూర్చునే బ్యాటరీ, ఒకటి అయిపోతుంటే వాడుకోవడానికి ఇంకొకటి. అదే బ్యాటరీ పిచ్చిచెట్లు కొట్టే మిషిన్‌కు కూడా పనికొస్తుందని, కావాలంటే అది తర్వాత తీసుకోవచ్చని చెప్పాడు. డబ్బు ఎలా కూడిందన్నది వేరే ఏడుపు, అది ఇక్కడ వద్దు.

కొన్న కొద్ది రోజులకే దసరా వచ్చింది. మా ఇంట్లో పనిముట్లకు పూజ చెయ్యకుండా పండగ లేదు. కత్తి, గొడ్డలి, మోకు, అన్నీ కడిగి వరసగా పెట్టి, కొత్తది కదా అని బ్యాటరీ రంపానికి కొంచెం ఎక్కువే చేశాను. ఒళ్లంతా పసుపు రాశాను. బ్యాటరీ తీసి, లోపల మెరుస్తున్న రాగి రేకులకు కూడా ఒక్కొక్కదానికి కుంకుమ బొట్టు పెట్టాను. పైన కొబ్బరినీళ్లు చల్లాను. మర్నాడు మిషిన్ ఉలకదు, పలకదు. చార్జర్ ఎర్ర దీపం ఆర్పి వెలిగిస్తూ కూర్చుంది. మళ్లీ ఆ దుకాణానికే పరుగు. అతను విప్పి చూసి, తల పట్టుకుని, "అక్కా, బయట ఎంతనన్న పెట్టుకో, ఈ లోపల మాత్రం బొట్టు పెట్టకు తల్లీ" అని బ్రష్షుతో తోమి ఇచ్చాడు. మా ఆయనకు పండగంటే అదే. "పూజ చేస్తెనే గిట్లుంటే, చెయ్యకుంటే ఎట్లుంటుండెనో" అని గల్లీలో కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు.

కరెంటు కోతలు ఇంకో తలనొప్పి. మేము గదిలో ఉన్నప్పుడు కరెంటు ఉండదు, కరెంటు ఉన్నప్పుడు మేముండం. అశోక్‌నగర్‌లో ఇన్వర్టర్ ఉన్న ఒక జిరాక్స్ సెంటర్‌లో బ్యాటరీలు పెట్టి, నోట్స్ తీయించుకునే పిల్లల మధ్య నిలబడేదాన్ని. అయినా ఆ హాస్టల్ వేప పని మళ్లీ మాకే వచ్చింది. ఈసారి ఒక్క కిటికీ తెరుచుకోలేదు. చెట్టు రోడ్డు పక్కనే, ఆటోల హారన్లలో మా మిషిన్ సంగతే ఎవరికీ పట్టలేదు. కిందికొమ్మలే కాబట్టి పని కూడా తొందరగా అయింది. మా ఆయన ఒప్పుకోలేదు కానీ, ఆ సాయంత్రం మిషిన్‌ను తనే తుడిచి పెట్టాడు. నాకు కాస్త ఊపిరాడింది. ఇంకొన్నేళ్లు ఎక్కుతాడు, చేతులు నెమ్మదిస్తాయి, అడగకుండానే గండం గడిచిందని అనుకున్నాను.

ఆ తర్వాత నారాయణగూడలో ఒక నేరేడు చెట్టు పని వచ్చింది. కోస్తా వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం, పాత ఇల్లు, చుట్టూ ఎత్తు గోడ. గేటు వేసుకుంటే రోడ్డు చప్పుడు లోపలికి రాదు. ఆ ఇంటి పెద్దావిడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. చెట్టు బాగా ఎత్తు. పైకొమ్మలు పక్కింటి డాబా మీదికి వాలాయి. నేరేడు నమ్మదగ్గ చెట్టు కాదు, చెప్పాపెట్టకుండా విరుగుతుంది. మా ఆయన మోకు చుట్టుకుని ఎక్కాడు. నేను కింద తాడు పట్టుకుని నిలబడ్డాను.

"ఇదేం మిషినమ్మా, చప్పుడే లేదు! పోయినసారి మీరొస్తే నాకు మూడ్రోజులు చెవులు పనిచెయ్యలేదు" అంది పెద్దావిడ.

కోసేటప్పుడు అది కూడా మోగుతుంది, కానీ మీట వదలగానే పూర్తిగా నోరు మూసుకుంటుంది. మొదటి కొమ్మ దించాం. రెండోది దించాం. ఆయన ఇంకా పైకి పోయాడు. మిషిన్ మోగింది, ఆగింది. ఆ ఆగిన చోట పైనుంచి ఒక మూలుగు వచ్చింది.

"ఓ అవ్వా..."

ఏదో పిట్ట అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మళ్లీ మిషిన్ మోగింది, ఆగింది. ఆయన చెయ్యి మార్చుకుంటున్నాడు. "ఓ అవ్వా... సస్తినే అవ్వా..." గొంతు ఆయనదే, కానీ నేను ఎన్నడూ వినని గొంతు. దెబ్బ తగిలినవాడు ఉలిక్కిపడి అరిచినట్టు లేదు. రోజూ చేసే పనిలో ఊపిరి తీసుకున్నట్టు, అలవాటుగా, తీరిగ్గా ఏడుస్తున్నాడు. అప్పుడు నాకు తెలిసింది, ఇది ఈ రోజు మొదలైంది కాదు. పెట్రోల్ మిషిన్ గురగురల వెనక ఆయన ఎన్నో ఏళ్లుగా ఇలాగే మొత్తుకుంటున్నాడు. నేను సరిగ్గా ఆ కిందే తాడు పట్టుకుని నిలబడి ఉన్నాను. మోత మారిందన్న సంగతి ఆయన ఒంటికి ఇంకా తెలియలేదు, ఎవరికీ వినపడదనే అనుకుంటున్నాడు.

పెద్దావిడ కుర్చీలో ముందుకు వంగింది. "ఏమ్మా, మీ ఆయనకి చేతులు నొప్పా? అలా మూలుగుతున్నాడేంటి?" అని అడిగేసింది. మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లు నోట రానివ్వని మాట ఆవిడ పక్కింటి కబురు అడిగినట్టు అడిగేసింది. చెట్టు మీదికి చూశాను. చెయ్యి జారలేదు.

మాకు తాడుతో మాట్లాడుకోవడం అలవాటు. ఒక్కసారి గుంజితే ఆపమని. గుంజాను. ఆకుల మధ్య నుంచి మొహం కనిపించింది.

"ఏందే?"

"దిగు."

"ఇంక పైకొమ్మ ఉన్నది."

"ఉంటే ఉండనీ. నువ్వు దిగు."

"బ్యాటరీ నిండుగున్నదే, ఇగో!" అని మిషిన్ తిప్పి దాని ఆకుపచ్చ దీపాలు చూపించాడు.

"ఇనవడ్తున్నది" అన్నాను.

"ఏమినవడ్తున్నది?"

"నువ్వు. నువ్వనేటియన్ని కిందికి ఇనవడ్తున్నయి."

ఆయన తన చేతిలో మిషిన్ వైపు చూశాడు. వరండాలో పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ చప్పున లేచి లోపలికి వెళ్లిపోయింది, ఆ మర్యాదకు ఆవిడకు ఇప్పటికీ దణ్ణం పెడతాను.

"గీ మిషిన్ గిందుకే తెచ్చినవా?" అన్నాడు మా ఆయన. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

"కాదు. నీ చేతుల కోసం తెచ్చిన. నీ చేతులు పాడైనయని నాకెరుకనే."

చెట్టు మీద ఉన్న మనిషితో అన్నాను ఆ మాట. ఆయన దిగుతున్నంతసేపూ మోకు జారినప్పుడల్లా, కాలు వెతుక్కున్నప్పుడల్లా, మా అత్త నా పక్కనే నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. ఆయన ఎక్కడా తొందరపడలేదు. కాలు నేలకు ఆనాక మోకు విప్పబోయాడు. వేళ్లు రాలేదు. మిషిన్ పిడి మీద ఎలా ముడుచుకున్నాయో అలాగే బిగుసుకుని ఉన్నాయి. నేను ఒక్కొక్కటే విప్పి, నడుముకు వేలాడుతున్న మిషిన్ తీసి పక్కన పెట్టి, మోకు ముడి విప్పాను. ఆయన చిన్నపిల్లాడిలా చేతులు ఎడంగా పెట్టుకుని నిలబడ్డాడు.

పైకొమ్మ అలాగే ఉండిపోయింది. "ఉండనీమ్మా, కాస్తే పిట్టలు తింటాయి" అంది పెద్దావిడ, మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చి.

ఆ తర్వాత ఆయన చెట్టెక్కలేదు. ఎక్కనని చెప్పనూ లేదు, ఒక రోజు మోకును చుట్ట చుట్టి అటక మీద పెట్టాడు, అంతే. కొన్నాళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు, ఓపిక లేదు. ఎత్తు పనులు వస్తే వేరేవాళ్లకు చెప్పేవాళ్లం. పిచ్చిచెట్లు కొట్టే మిషిన్ ఇంకోటి తెచ్చాం, దాన్ని ఎంచేటప్పుడు ఇద్దరం పిడి పట్టుకుని చూశాం. బరువంతా భుజానికి పట్టీ మీద మోస్తుంది, చేతులకు ఒట్టి తిప్పడమే. ఖాళీ ప్లాట్లు, గోడల వెంబడి సర్కారు తుమ్మ, నడుమెత్తు గడ్డి. నేల మీద పని. ఎక్కినవాడికి నేల మీద పని చిన్నతనమే, ఆయన మొహం చూస్తే తెలిసేది. నేను చూసి ఊరుకునేదాన్ని.

మరుసటి ఏడు ఎండలు ముదిరాక, బాగ్ లింగంపల్లి వైపు ఒక ప్లాటు శుభ్రం చేస్తున్నాం. ఎండ చురుక్కుమంటోంది. గోడ నీడన కూర్చుని సద్ది విప్పాను. ఆయన తన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, వాటివంకే చూసుకుంటూ అన్నాడు.

"పెట్రోల్ మిషిన్ ఉన్నప్పుడే బాగుండెనే. ఎంత మొత్తుకున్న ఎవ్వలికి ఇనవడకపోతుండె."

"ఇప్పుడు మొత్తుకో, నేనింట" అన్నాను.

ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.